చమురు విపత్తులో కర్త ఎవరు? : డీప్‌వాటర్ హొరైజన్ ఉదంతంపై ఒక నైతిక పరిశీలన

ప్రవేశిక

వంటింట్లో గిన్నె తిరగబడినప్పుడు పిల్లవాడు ‘పాలు ఒలికిపోయాయి’ అంటాడు. తల్లి ‘ఎవరు ఒలకబోశారు?’ అని అడుగుతుంది. రెండు వాక్యాలూ ఒకే సంఘటనకు సంబంధించినవే. మొదటి వాక్యంలో క్రియ అకర్మకం; పాలే కర్తృస్థానంలో నిలుస్తాయి. రెండవ వాక్యంలో క్రియ సకర్మకం. అది ఒక చేతిని వెదుకుతుంది. పగులు – పగులగొట్టు, విరుగు – విరుచు, తెగు – తెంచు వంటి జంటలు తెలుగులో ఎన్నో ఉన్నాయి. వీటి వల్ల, నష్టానికి కారకుడైన మనిషిని పేర్కొనకుండానే నష్టాన్ని సమగ్రంగా చెప్పే సౌకర్యం భాషకు ఏర్పడింది. వ్యాకరణ దృష్టితో అందులో దోషమేమీ లేదు. నీతి విచారణలో మాత్రం అది తప్పించుకునే దారిగా మారే అవకాశం ఉంది.

సముద్రంలో చమురు విపత్తు సంభవించినప్పుడు వార్తాభాష సాధారణంగా మొదటి రూపాన్నే ఆశ్రయిస్తుంది. బావి పేలింది, రిగ్గు మునిగింది, చమురు ఒలికింది, పక్షులు చనిపోయాయి. 2010లో మెక్సికో అఖాతంలో జరిగిన డీప్‌వాటర్ హొరైజన్ దుర్ఘటనను ఆధారంగా చేసుకొని, ఇటువంటి విపత్తులో కర్తృత్వాన్ని ఎలా గుర్తించాలి, బాధ్యతను పంచుకోవడం సాధ్యమా అనే ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఉదంతం

1995 జనవరిలో కోనసీమలోని పాశర్లపూడి బావి ఎగదన్ని రెండు నెలలకు పైగా మండినప్పటి నుంచి ‘బ్లోఅవుట్’ అనే మాట తెలుగువారికి పరిచితమే. భూగర్భంలోని వాయువు, చమురు తమ ఒత్తిడితో అదుపు తప్పి పైకి తన్నుకురావడమే బ్లోఅవుట్. 2010 ఏప్రిల్ 20 రాత్రి అమెరికాలోని లూసియానా తీరానికి సుమారు 66 కిలోమీటర్ల దూరంలో, దాదాపు 1,500 మీటర్ల లోతు నీటి అడుగున ఉన్న మకాండో బావిలో అదే జరిగింది. రిగ్గు మీద ఉన్న 126 మందిలో 11 మంది మరణించారు. వారి మృతదేహాలు కూడా లభించలేదు. రెండు రోజుల తరువాత రిగ్గు మునిగిపోయింది. జులై 15న బావి మూతను బిగించే వరకు 87 రోజుల పాటు చమురు సముద్రంలోకి వెలువడుతూనే ఉంది. సముద్రంలో కలిసిన చమురు 31.9 లక్షల బ్యారెళ్లని 2015లో న్యాయస్థానం నిర్ధారించింది.

బావి యాజమాన్యంలో ప్రధాన భాగస్వామి, నిర్వాహక సంస్థ బీపీ. రిగ్గు ట్రాన్స్ఓషన్ సంస్థది. బావి అడుగున సిమెంటు పని చేసినది హాలిబర్టన్. ఒకే బావి మీద మూడు సంస్థల పనివారు, మూడు రకాల ఒప్పందాలు ఉండడం కర్తృత్వ ప్రశ్నను మొదటి నుంచీ జటిలం చేసింది.

హేతువుల గొలుసు

2010 మే 11న అమెరికా సెనేట్ విచారణలో ఈ మూడు సంస్థల ప్రతినిధులు పక్కపక్కనే కూర్చొని పరస్పరం వేలెత్తి చూపుకున్నారు. రిగ్గు మీది భద్రతా పరికరం పని చేయలేదని ఒకరు, బావి నిర్ణయాలన్నీ నిర్వాహకులవేనని మరొకరు, ఒప్పందం ప్రకారమే తమ పని చేశామని ఇంకొకరు వాదించారు. తెలుగు పాఠకునికి ఈ దృశ్యం ఏడు చేపల కథను గుర్తు చేస్తుంది. చేప ఎండకపోవడానికి గడ్డిమోపు, మోపు అడ్డుండడానికి ఆవు, ఆవు మేయకపోవడానికి దాన్ని మేపనివాడు, ఇలా ప్రతి ఒక్కరూ మరొకరిని చూపుతారు. వరుస చివరికి చీమ దగ్గర ఆగుతుంది.

ఆ కథలో ఎవరూ అబద్ధమాడరు. ప్రతి కారణమూ నిజమే. అయినా ఏ కారణమూ సమాధానం కాదు. ప్రతి ఒక్కరూ హేతువును చెబుతారు, ఎవరూ కర్తగా నిలబడరు. మకాండో విషయంలోనూ కారణాలు నిజమైనవే. సిమెంటు వాయువును ఆపలేదు. పని ముగించే ముందు బావి సురక్షితంగా ఉందో లేదో తెలుసుకునే ఒత్తిడి పరీక్షలో గొట్టంలో ఒత్తిడి పెరుగుతున్నా, దానికి మరో వివరణ చెప్పుకొని పరీక్ష సఫలమైనట్లు భావించారు. ఆపై బావిలోని బరువైన బురదను తీసి సముద్రపు నీటిని నింపారు. అఖరు రక్షణగా ఉన్న పరికరం బావిని మూయలేకపోయింది. వీటిలో ఏ ఒక్కటి సరిగా జరిగినా ప్రమాదం ఇంత దూరం వచ్చేది కాదు. కనుకనే ప్రతి ఒక్కరికీ చూపడానికి మరొకరు మిగిలారు.

కథ చివరి చీమ ఇక్కడ అత్యంత గమనార్హం. తన పుట్టలోకి వేలు చొచ్చుకువచ్చినందునే కుట్టానని అది చెబుతుంది. కుట్టడం దాని స్వభావం. మకాండోలో చీమ స్థానంలో ఉన్నది భూగర్భ ఒత్తిడి. ప్రకృతిని కర్తగా నిలబెట్టే ప్రయత్నం చేసినా, అది తిరిగి పుట్టలో పెట్టిన వేలినే చూపుతుంది. అకర్మక వాక్యం దాచిన చేయి గొలుసు చివర మళ్లీ బయటపడుతుంది.

ప్రయోజక కర్త

పాణినీయ సంప్రదాయం స్వతంత్రంగా వ్యవహరించేవానిని కర్త అంటుంది. ఆ కర్తను పనికి పురికొల్పేవానికి హేతువనే సంజ్ఞతో పాటు కర్త అనే సంజ్ఞ కూడా ఇస్తుంది. తెలుగులో ‘చేయించు’, ‘వ్రాయించు’ వంటి ప్రేరణార్థక క్రియలకు ఉండే ప్రయోజక కర్త ఇతడే. ఏడు చేపల కథలో విడిపోయిన హేతుత్వ కర్తృత్వాలను ఈ వ్యాకరణ భావన ఒకే వ్యక్తిలో కలుపుతుంది. పని చేయించినవాడు కారణం మాత్రమే అయి పక్కకు తప్పుకోలేడు.

ఒత్తిడి పరీక్షను తప్పుగా అర్థం చేసుకున్నవారు రిగ్గు మీది మనుషులు. కానీ బావి పని అనుకున్న గడువుకు ఆరు వారాలు వెనుకబడింది, వ్యయం అంచనాను దాటింది. అమెరికా అధ్యక్షుడు నియమించిన జాతీయ కమిషన్, బాబ్ గ్రహామ్, విలియం రైలీల ఆధ్వర్యంలో, 2011 జనవరిలో ఇచ్చిన నివేదికలో ఈ ప్రమాదానికి మూలాలు వ్యవస్థాగతమైనవని తేల్చింది. సమయాన్ని, డబ్బును ఆదా చేసిన పలు నిర్ణయాలు ప్రమాదాన్ని పెంచాయని కూడా పేర్కొంది. ‘తొందరపడ్డారు’ అనే వాక్యం వెనుక ‘తొందరపెట్టారు’ అనే వాక్యం ఉన్నదని దీని సారాంశం.

నలుగురు భాగస్వాములు

చేసినవాడు, చేయించినవాడు, ప్రేరేపించినవాడు, ఆమోదించినవాడు అనే నలుగురూ పుణ్యపాపాల్లో సమభాగులనే భావన సంస్కృత సుభాషితాల ద్వారా తెలుగునాట ప్రసిద్ధం. మొదటి ఇద్దరి గురించి పైన చూశాం. మిగిలిన ఇద్దరు న్యాయస్థానంలో ప్రతివాదులుగా కనిపించరు.

ఆమోదించినది ప్రభుత్వ ఖనిజ నిర్వహణ విభాగం. సముద్ర క్షేత్రాలను లీజుకు ఇచ్చి ఆదాయం వసూలు చేసేదీ, అక్కడి భద్రతను పర్యవేక్షించేదీ ఆ ఒక్క కార్యాలయమే. చమురు ఒలికితే ఏం చేయాలో తెలిపే బీపీ ప్రణాళికలో, కాపాడవలసిన జంతువుల జాబితాలో వాల్రస్ కూడా ఉంది. ఆర్కిటిక్ మంచు ప్రాంతాల ఆ జంతువు మెక్సికో అఖాతంలో ఉండదు. మరి కొన్ని పెద్ద సంస్థల ప్రణాళికల్లోనూ అదే జంతువు ఉన్నట్లు 2010 జూన్‌లో ప్రతినిధుల సభ విచారణలో బయటపడింది. ఆ ప్రణాళికలన్నీ ఆమోదం పొందినవే. చదవకుండా చేసిన ఆమోదం కూడా ఒక క్రియే అని చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అవసరం లేదు. దుర్ఘటన తరువాత ఆ విభాగాన్ని రద్దు చేసి, ఆదాయ, భద్రతా బాధ్యతలను వేరు చేశారు.

ప్రేరకుని గుర్తించడం మరింత కష్టం. ఆ సంవత్సరం అమెరికా రోజుకు సుమారు 1.9 కోట్ల బ్యారెళ్ల పెట్రోలియం ఉత్పత్తులను వినియోగించింది. 87 రోజుల్లో సముద్రంలో కలిసినది ఆ దేశపు నాలుగు గంటల వినియోగం మాత్రమే. అంత దాహమే ఇంత లోతుకు వేలు పెట్టించింది. లూసియానా తీరంలో ఎన్నో కుటుంబాలకు చేపల వేట, చమురు కొలువు రెండూ జీవనాధారాలే. లోతు సముద్రపు తవ్వకాలపై ప్రభుత్వం నిషేధం విధించినప్పుడు, చమురుతో నష్టపోయిన ఆ తీరం నుంచే దానికి తీవ్ర వ్యతిరేకత వచ్చింది. బాధితుడు, ప్రేరకుడు ఒకే ఇంట్లో ఉండే స్థితి ఇది.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ వస్తుంది. అందరూ బాధ్యులైతే ఎవరూ బాధ్యులు కారు. బండికి పెట్రోలు పోయించుకున్నవాడు, బావిని నడిపిన సంస్థ సమానులనడం అన్యాయం. ఈ ఆక్షేపణ సమంజసమే. దీనికి సమాధానం కర్త నిర్వచనంలోనే ఉంది. స్వాతంత్ర్యం ఉన్న మేరకే కర్తృత్వం. పని ఆపగల అధికారం, ప్రమాదం తెలిసే అవకాశం ఎవరికి ఎంత ఉన్నాయో దానిని బట్టి దోషం హెచ్చుతగ్గులవుతుంది. అంతేకాక, బాధ్యతను చెప్పేటప్పుడు ప్రతి కర్తకూ అతని క్రియను జతచేయాలి. పరీక్షను తప్పుగా చదివారు, తొందరపెట్టారు, చదవకుండా సంతకం చేశారు, అడగకుండా వాడుకున్నారు. క్రియ లేని సామూహిక నింద, కర్త లేని అకర్మక వాక్యం వలెనే నిష్ఫలం.

శాతాలు, శేషం

2014 సెప్టెంబరులో న్యాయమూర్తి కార్ల్ బార్బియర్ బీపీది ఘోర నిర్లక్ష్యమని తేల్చి, దోషాన్ని బీపీకి 67, ట్రాన్స్ఓషన్‌కు 30, హాలిబర్టన్‌కు 3 శాతంగా విభజించారు. నష్టపరిహారాన్ని లెక్కకట్టడానికి ఇటువంటి విభజన అనివార్యం. 2016లో న్యాయస్థానం ఆమోదించిన పరిష్కారంలో బీపీ ప్రభుత్వాలకు చెల్లించవలసిన మొత్తం 2,080 కోట్ల డాలర్లు. అంతకు ముందే 11 మరణాలకు సంబంధించిన నేరారోపణలను, ఒలుకుతున్న చమురు పరిమాణాన్ని తక్కువ చేసి చెప్పి కాంగ్రెస్‌ను తప్పుదారి పట్టించిన నేరాన్ని ఆ సంస్థ అంగీకరించింది. రిగ్గు మీది ఇద్దరు పర్యవేక్షకులపై మోపిన నరహత్య అభియోగాలను ప్రభుత్వమే 2015లో ఉపసంహరించుకుంది. ఆ మరణాలకు ఏ వ్యక్తీ జైలుకు వెళ్లలేదు. దోషాన్ని అంగీకరించిన కర్తకు చేతులు లేవు. చేతులున్నవారికి దోషం అంటలేదు.

మరణాన్ని శాతాలుగా పంచడం సాధ్యం కాదనేది ఇక్కడ తేలే విషయం. 11 మందిలో ఒక్కొక్కరి చావులో 67 వంతులు ఒకరివి, 3 వంతులు మరొకరివి అనడానికి అర్థం లేదు. రుణం పంచుకుంటే తగ్గుతుంది. పాపం పంచుకుంటే తగ్గదు. సుభాషితంలోని సమభాగాన్ని నాలుగవ వంతుగా అర్థం చేసుకోవడం పొరపాటు. నలుగురిలో ప్రతి ఒక్కరూ తమ క్రియ మేరకు ఆ నష్టం మొత్తానికి ఎదుట నిలబడవలసి ఉంటుందని దాని తాత్పర్యంగా గ్రహించాలి.

పర్యవసానాలు

చేసిన పని కంటె దాని పర్యవసానం ఎక్కువ కాలం జీవిస్తుంది. సుమారు 2,100 కిలోమీటర్ల తీరానికి చమురు అంటింది. ఒక దశలో అఖాతంలోని సమాఖ్య జలాల్లో మూడవ వంతుకు పైగా చేపల వేటకు మూతపడ్డాయి. బరటేరియా అఖాతపు డాల్ఫిన్లలో ఊపిరితిత్తుల వ్యాధులు, గర్భనష్టం తరువాతి సంవత్సరాల్లో బయటపడ్డాయి. లూసియానా రాష్ట్ర పక్షి అయిన గోధుమరంగు పెలికాన్, అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితా నుంచి 2009 నవంబరులోనే బయటపడింది. ఆరు నెలలు తిరగకుండానే దాని రెక్కలకు చమురు పట్టింది.

నివారణ చర్యలకూ పర్యవసానాలు ఉన్నాయి. చమురును విడగొట్టడానికి దాదాపు 70 లక్షల లీటర్ల రసాయనాలను సముద్రంలో కలిపారు. చమురును తీరానికి దూరంగా నెట్టాలని మిసిసిపీ నది మంచినీటిని చిత్తడి నేలల్లోకి వదిలితే, లవణం తగ్గి ఆయిస్టర్లు పెద్ద ఎత్తున చనిపోయాయి. వాటిని పెంచి బ్రతికేవారికి ఆ నష్టం చమురు వల్ల వచ్చిందా, నీటి వల్ల వచ్చిందా అనేది తేడా లేని విషయం. సదుద్దేశంతో నీరు వదిలినవారిని దోషులనలేము. ఆ నిర్ణయం తీసుకోవలసిన స్థితిని సృష్టించినవారి ఖాతాలోనే ఆ ఆయిస్టర్లూ చేరుతాయి. ప్రయోజక కర్త భావన పర్యవసానాల దిశలో కూడా విస్తరిస్తుందనడానికి ఇది ఉదాహరణ.

ముగింపు

డీప్‌వాటర్ హొరైజన్ ఉదంతాన్ని పరిశీలించినప్పుడు నష్టపరిహారం, బాధ్యత అనే రెండింటినీ వేరుచేసి చూడవలసిన అవసరం స్పష్టమవుతుంది. పరిహారం విభాజ్యం, చెల్లించినప్పుడు ముగుస్తుంది. బాధ్యత అవిభాజ్యం; తన క్రియను తన క్రియగా చెప్పుకున్నప్పుడు అది మొదలవుతుంది. హేతువులను వెదకడం విజ్ఞానానికి, వాటాలు తేల్చడం న్యాయానికి విధి. కర్తను నిలబెట్టడం భాషకు కూడా విధి. ‘చమురు ఒలికింది’ అనే వాక్యం తప్పు కాదు, అసంపూర్ణం. ‘ఎవరు ఒలకబోశారు?’ అన్న తల్లి ప్రశ్నకు, మూసిన చేయి తెరిచి చూపగలవాడు ఒక్కడైనా ఉన్నప్పుడే ఆ వాక్యం పూర్తవుతుంది.