మా తరువాత ఈ బిడ్డ గతి ఏమిటి?



వికలాంగులైన బిడ్డలున్న తల్లిదండ్రులను ఏ ఊరిలో పలకరించినా ఒకే ప్రశ్న వినిపిస్తుంది: “మేమున్నంత కాలము చూచుకుంటాము. మా తరువాత ఈ బిడ్డ గతి ఏమిటి?” సొంత ఊరు విడిచి తరతరాలుగా పొరుగు రాష్ట్రములలో స్థిరపడిన మన కుటుంబములలో ఈ ప్రశ్న మరింత బరువైనది. పెదనాన్నలు, మేనమామలు దూరమున ఉన్నారు. గనుక బిడ్డను మరింత దగ్గరగా పట్టుకుంటాము. అన్నము మనమే కలిపి పెడతాము, చొక్కా మనమే ఎంచుతాము, ఎవరైనా అతని పేరు అడిగితే మనమే జవాబు చెబుతాము. ఇది ప్రేమే. అయితే ఇరవై రెండేళ్ల వయస్సు వచ్చిన వానికి ఈ ప్రేమ ఒక్కటే చాలునా?

ఇంగ్లండులోని సర్రే ప్రాంతములో గాడ్‌స్టోన్ అను గ్రామమున్నది. 1984లో ప్రదర్శింపబడిన ‘స్టార్‌లైట్ ఎక్స్‌ప్రెస్’ అను సంగీత నాటకమునకు పాటలు వ్రాసిన రిచర్డ్ స్టిల్గో, అక్కడ తన కుటుంబము నివసించిన ఇంటిలోనే 1998లో వికలాంగ యౌవనస్థుల కొరకు ఆర్ఫియస్ సెంటర్‌ను స్థాపించారు. పాట, నాట్యము, నాటకము అక్కడి చదువు. వాటితో పాటు వంట, డబ్బు లెక్క, ఒంటరి ప్రయాణము వంటి దినదిన జీవితపు పనులు నేర్పుతారు. పేరుగాంచిన నటులను తయారుచేయుట వారి ముఖ్య ఉద్దేశము కాదు. ఆ యౌవనస్థులు వీలైనంత స్వతంత్రముగా జీవించాలన్నదే వారి గురి.

పాటకు, వంటకు సంబంధమేమిటి అని మనకు తోచవచ్చును. నాటకములో ఒక్క మాట ఉన్నవాడైనా తన వంతు కొరకు కనిపెట్టుకొని ఉండాలి. వంతు వచ్చినప్పుడు ఆ మాట అతడే చెప్పాలి. అతని తల్లి చెప్పుటకు వీలులేదు. తోటి నటుడు ఆ మాట కొరకే ఎదురుచూస్తుంటాడు. పుట్టినది మొదలు ఇతరులపై ఆధారపడిన వానికి, ఇతరులు తనపై ఆధారపడుట బహుశా అదే మొదటిసారి. తప్పు పలికితే రేపు మరల సాధన చేయవచ్చును. సాధన అనగా సిగ్గుపడకుండా తప్పులు చేయుటకు దొరికిన అనుమతి. బస్సు ఎక్కుటకు, దుకాణములో చిల్లర అడుగుటకు, డాక్టరుతో తన నొప్పి తానే చెప్పుకొనుటకు కావలసిన ధైర్యమూ ఇదే.

అయితే వికలాంగులను వేదిక ఎక్కించి చప్పట్లు కొట్టించుట జాలిని అమ్ముకొనుట కాదా? ఈ ఆక్షేపణ న్యాయమైనదే. అనేక చోట్ల అలాగే జరుగుతుంది. ఆ రాత్రి ఎన్ని చప్పట్లు మ్రోగాయో చూచి దీనిని నిర్ణయించలేము. సాధన దినములలో అతని తప్పును ఇతరుల తప్పువలె సరిదిద్దారా? “ఈ వేషము నాకు వద్దు” అనుటకు అతనికి చోటున్నదా? కష్టపడమని అడగకుండానే మెచ్చుకొనుట గౌరవము కాదు.

“తన కాళ్లపై తాను నిలబడాలి” అని మనము తరచుగా అంటాము. చక్రాల కుర్చీలో ఉన్నవాని యెదుట ఈ మాట తడబడుతుంది. నిజమునకు మనలో ఎవరమూ ఒంటరిగా బ్రతుకుట లేదు. కొందరికి జీవితాంతము తోడు కావాలి. అయినా ఆ తోడు ఎవరో, ఎప్పుడు, ఏ విధముగా కావాలో తానే చెప్పగలుగుట స్వతంత్రతే. మన దేశము 2007లో ధ్రువీకరించిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికలో 19వ అధికరణము సమాజములో స్వతంత్రముగా జీవించుటను గూర్చి, 30వ అధికరణము సాంస్కృతిక జీవితములో పాల్గొనుటను గూర్చి చెబుతున్నవి. ఇవి దయతో ఇచ్చే కానుకలు కావు, హక్కులు.

ప్రతి డిసెంబరులో మన సంఘములలో క్రిస్మస్ నాటకము వేస్తాము. ఇటువంటి బిడ్డలను ముందు వరుసలో కూర్చోబెట్టి మిఠాయి ఇస్తాము, లేదా మాటలేని గొర్రెపిల్ల వేషమిస్తాము. ఈ సంవత్సరము మాట ఉన్న వేషమిద్దాము. అక్టోబరు నుండే సాధన మొదలుపెడదాము. అతడు ఆలస్యముగా పలికితే మనము వేచియుందాము. తల్లిదండ్రుల ప్రశ్నకు జవాబు వారు పోయిన తరువాత వెదకవలసినది కాదు. వారు ముందు వరుసలో కూర్చుండి చూస్తుండగానే అది మొదలుకావాలి.