నోరెక్కడ నుండెను?

తెలిసి చెప్పిన అబద్ధము దోషమని యందఱు నొప్పుకొందురు. తెలియని దానిని తెలిసినట్లు చెప్పిన మాట యెట్టిది? చెప్పినవాఁడు మోసగింపఁ దలఁపలేదు గావున నది వట్టి పొరపాటే కాని యసత్యము కాదని కొందఱందురు. నేనును చిరకాలము అట్లే తలఁచుచుంటిని. అండమాను సముద్రమునందలి యొక చిన్న చేప నా తలంపును మార్చినది.

స్వరాజ్ ద్వీపమును 2018వ సంవత్సరమునకు ముందు హేవ్‌లాక్ అనెడివారు. అచ్చటి పగడపు దిబ్బలను చూచుటకై నేనును నా మిత్రుఁడును స్కూబా సాధనములు ధరించి నీటిలో మునిఁగితిమి. నీటి యడుగున మాటలాడుటకు వీలు లేదు. కావున ఎవరు గుర్తించిన చేపల పేర్లను వారు తమ పలకమీఁద వ్రాసికొనుచుంటిమి. వ్రేలెడంత చేప యొకటి, మూతి మొదలు తోఁక వఱకు నల్లని చార గలది, ఒక పెద్ద చేప చెంతకు వచ్చినది. నేను వెంటనే 'క్లీనర్ రాస్' అని వ్రాసితిని. మిత్రుఁడు ప్రశ్నార్థకమును మాత్రము వ్రాసెను. పడవ యెక్కిన పిదప నతని పలకను చూచి నేను నవ్వితిని. అతఁడు నవ్వక, "నోరెక్కడ నుండెను?" అని యడిగెను. నేను నోరు చూడనేలేదు.

ఆ ప్రశ్నకు కారణము కలదు. క్లీనర్ రాస్ పెద్ద చేపల దేహమున కంటిన పురుగులను ఏఱి తినును. అందుచేత పెద్ద చేపలు దాని యెదుట కదలక నిలుచును. కొన్ని నోరు తెఱచి లోనికిఁగూడ రానిచ్చును. బ్లెన్నీ కుటుంబమునకుఁ జెందిన మఱియొక చేప దాని రూపమునే ధరించి తిరుగును. కొలత యదే, చార యదే, ఈదు తీరు నదే. కాని యిది నమ్మి నిలిచిన చేప రెక్కను కొఱికి పోవుటయుఁ గలదు. రెంటికిని గల స్పష్టమైన భేదము నోటియందున్నది. రాస్ నోరు మూతి కొనయందుండును. వేషధారి నోరు మూతి క్రింద నుండును. సేవకుఁడో వంచకుఁడో తేల్చు నా యొక్క గుర్తును విడిచి, తక్కినవన్నియుఁ జూచి నేను పేరు పెట్టితిని.

పండితులకును పొరపాట్లు తప్పలేదు. ఎంపరర్ ఏంజెల్ అను చేపను బ్లాక్ అను జర్మను శాస్త్రజ్ఞుఁడు 1787లో వర్ణించెను. పెరిగిన చేప దేహముపై పసుపుపచ్చని చారలుండును. పిల్ల చేప నీలివర్ణము గలదై తెల్లని వలయములతో నుండును. 1801వ సంవత్సరపు గ్రంథములో నా పిల్లకు నికోబారు పేరుతో వేఱొక జాతిగా నామకరణము జరిగినది. తరువాత రెండును ఒకటే యని తేలఁగా రెండవ పేరు తొలఁగిపోయినది. ఆ తప్పు దిద్దుటకు వీలయ్యెను. ఏలయన వారు పేరుతో నూరకుండక చూచిన గుర్తులను గూడ వ్రాసి యుంచిరి. మన విశాఖపట్టణమున రెండువందల చేపలను పరిశీలించిన పాట్రిక్ రసెల్, 1803లో వెలువడిన తన గ్రంథమున వాని చిత్రములను, ఇచ్చటివారు పిలుచు పేళ్లను జేర్చెను. పిదపటి పండితులకు నా చిత్రములు ఆధారములైనవి. నా పలకపై నుండినది పేరొక్కటే. దానిని దిద్దుట కే యాధారమును లేదు.

ఒక పలకమీఁది తప్పు వలన లోకమునకు నష్టమేమని చదువరు లడుగవచ్చును. అమెరికాలో 1990లో స్థాపింపఁబడిన రీఫ్ అను సంస్థ, నీట మునుఁగు సామాన్యుల చేతనే చేపల లెక్కలు వ్రాయించుచున్నది. ఆ లెక్కలో సంఖ్య ఖచ్చితముగా నుండ నక్కఱలేదు. ఒకటి, పదిలోపు, నూఱులోపు, నూటికిఁ బైన అని వ్రాసినఁ జాలును. పేరు మాత్రము నిశ్చయముగాఁ దెలిసిననే వ్రాయవలెను. ఒక దిబ్బపై నే జాతి పెరుగుచున్నదో యేది తఱుగుచున్నదో యట్టి వ్రాతలను బట్టియే తెలియవలసి యున్నది. ఊహించి వ్రాసిన పేరు లేనిదానిని ఉన్నట్లు చూపును. చదువువాఁడు దానిని కంటితోఁ జూచిన సాక్ష్యముగా నమ్మును. నమ్మినవానికి, మోసమునకును పొరపాటునకును భేదమేమి?

కావున దోషము తెలియకపోవుటయందు లేదు. ఎంతవఱకుఁ జూచితిమో దానిని దాఁచుటయం దున్నది. అట్లని సంశయము పేరిట మౌనము పూనుటయు మంచిది కాదు. నా మిత్రుని పలకపై పదునేడు పేర్లుండెను. చూచినచోట నతఁడు వెనుదీయలేదు.

మన యిండ్లలోనో? అక్షరములు ఆలస్యముగా వచ్చిన బాలుని ఐదవ యేఁటనే 'మొద్దు' అందుము. ఆ పేరు పెద్దలు పెట్టినది గావున బాలుఁడును దానిని నమ్మును. వలయములు గల పిల్లచేప పెరిగి చారలు దాల్చుట వేచి చూచినవారికే తెలిసినది. ఒకరికిఁ బేరు పెట్టుటకు ముందు "నోరెక్కడ నుండెను?" అని మనలను మనము ఒక్కమాఱు అడిగికొనుట కష్టము కాదు.

ఆ చేప యేదియో నేఁటికిని నాకుఁ దెలియదు. ఒడ్డు చేరకముందే పలకపై నా పేరు తుడిచి, ప్రశ్నార్థకమును వ్రాసికొంటిని.