కొలుచుట

తెలుగున ‘కొలుచు’ అను క్రియకు రెండర్థములు గలవు: పరిమాణమును నిర్ణయించుట యొకటి, దైవమును సేవించుట వేఱొకటి. ఈ రెండును ఒకే మాటలో నొదిగియుండుట కేవలము యాదృచ్ఛికమని చాలకాలము తలంచితిని. భిలాయి ఉక్కునగరమునకు దాపుననున్న ఉతైలో, ఒక సాయంకాలము చెప్పులు కుట్టువాని యెదుట కూర్చుండిన పిదప ఆ తలంపు నిలువలేదు.

అచ్చటికి వచ్చిన వృద్ధుడు శ్రీకాకుళము ప్రాంతమునుండి వలసవచ్చి, ఉక్కు కర్మాగారమున జీవితమంతయు పనిచేసి విశ్రమించిన తెలుగువాడు. మధుమేహముచే ఆయన అరికాళ్లలో స్పర్శ నశించినది. త్రోవలో ఎడమకాలి చెప్పు జారిపోయిన సంగతి, వెనుక వచ్చు పిల్లవాడు చెప్పువఱకు ఆయన యెఱుగడు. పనివాడు నేలపై కాగితము పఱచి, కూర్చుండి కాలు చాచిన చాలదనియు, బరువంతయు మోపి నిలువవలెననియు చెప్పెను. నిలిచినంతనే పాదము వెడల్పై ముందునకు సాగెను. అతడు వంగి, పెన్సిలును నిట్టనిలువుగ పట్టి, మడమ చుట్టి వ్రేళ్లవఱకు గీత గీసెను; వ్రేళ్ల మొదళ్ల చుట్టును మీగాలి చుట్టును టేపుతో కొలిచెను; రెండవకాలికి వేఱొక కాగితము పఱచెను, ఏలయన ఒకే మనుజుని రెండు పాదములును సరిసమానములు కావు. బొటనవ్రేలి మొదట కాయ కాచినచోట సున్న చుట్టి, అట్టలో అచ్చట గుంట తీసెదనని చెప్పెను. శిరస్సు వంచి పరుని పాదమును ఇంత శ్రద్ధగా పరికించువానిని నేను దేవాలయమునందు తప్ప అన్యత్ర చూడలేదు.

మన సంప్రదాయమున పాదుకకున్న గౌరవము సామాన్యమైనది కాదు. భరతుడు పదునాలుగేండ్లు నందిగ్రామమున పాదుకలను సింహాసనమున నిలిపి రాజ్యమేలెను; విష్ణ్వాలయములలో శఠారి రూపమున స్వామి పాదములే మన తలలపై సోకును; అలిపిరి పాదాల మండపమున భక్తులు లోహపాదుకలను శిరమున ధరించి ప్రదక్షిణము చేయుదురు. వామనమూర్తి అడుగులతో లోకములను కొలిచెను. బలి మూడవ యడుగును తన తలతో కొలిచెను. పాదుకను తలకెత్తుకొన్న జాతియే, దానిని కుట్టిన చేతిని ఊరి వెలుపల నుంచినది. ఇది పాపమని నేను నిస్సంశయముగా చెప్పుదును.

దేహము నశ్వరము, దాని కొలతలతో ఆత్మజిజ్ఞాసువునకు పనియేమి యని వేదాంతి ప్రశ్నింపవచ్చును. అంతకంటె గట్టి యాక్షేపము మఱొకటి కలదు: అంకె మనుష్యుని మఱపించును గదా యని. చెన్నపురి యందలి కేంద్రీయ చర్మ పరిశోధన సంస్థవారు 2021 డిసెంబరు మొదలు 2022 మార్చి వఱకు, దేశమున 79 చోట్ల లక్షకు పైబడిన జనుల పాదములను యంత్రములతో కొలిచి, మన పాదములు ఐరోపావారి పాదములకంటె సాధారణముగ వెడల్పైనవని తేల్చి, ‘భ’ అను పేరుతో స్వదేశీయమైన కొలతల పద్ధతిని ప్రతిపాదించిరి. ఆంగ్లేయుల కొలతలలో తరతరములుగా ఇఱుకుకొన్న వ్రేళ్లకు ఇది మహోపకారము. ఉతై చెంతనే యున్న పారిశ్రామిక భద్రతా దళ శిక్షణ కేంద్రమున కవాతు చేయు యువకులకు బూట్లు పంచుటకు సామాన్యమైన కొలత లేక గడవదు. కాని వైశేషికులు సామాన్యమును, విశేషమును వేఱువేఱు పదార్థములుగా నెంచిరి. ఆ వృద్ధుని కాయ ఏ పట్టికలోను లేదు.

వేలూరున కుష్ఠరోగులకు చికిత్స చేసిన పాల్ బ్రాండ్ వైద్యుడు, వారి పాదములు పుండ్లుపడుట మాంసము తనంతట కుళ్లుటచే గాక, నొప్పి తెలియకుండుటచే కలుగుచున్నదని గ్రహించెను. నొప్పి దేహమునకు కావలికాడు. ఆ కావలి తొలగినప్పుడు దాని స్థానమున నిలువవలసినది మఱియొకరి కన్ను, మఱియొకరి చేయి. ఆత్మవిచారమునకు ఇది అడ్డు కాదు. తనది కాని బాధను తనదిగా నెఱుగుటయే గదా అద్వైతము ఆచరణమున కోరునది.

మీ యింట మధుమేహము గల పెద్దలున్నయెడల, పాదములు కొంత ఉబ్బియుండు సాయంకాల సమయమున ముందు వారి అరికాళ్లను దీపపు వెలుగున పరికించి, పిదప రెండు పాదములకును రెండు కాగితములు పఱచి, వారిని నిలువబెట్టి కొలువుడు.