స్వామిసొత్తు - ధర్మకర్త లెక్క

గృహస్థుడు ఆపదలో పసుపుగుడ్డన ముడుపు గట్టి, ఆపద గడచిన పిమ్మట కొండకు వచ్చి హుండీలో సమర్పించును. ఆ క్షణము నుండి అది స్వామిసొత్తు. ప్రతిష్ఠితమూర్తికి ఆస్తిహక్కు కలదని నేటి న్యాయస్థానములును అంగీకరించుచున్నవి. అయితే స్వామి స్వహస్తముతో లెక్క వ్రాసికొనడు గదా! ఆ పని ధర్మకర్తలది. శేషియైన భగవంతుని సొమ్మునకు వారు కాపరులే గాని యజమానులు కారు.

పదిమంది సొమ్మును చేతబట్టువారికి మన పూర్వులు విధించిన కట్టుబాట్లు కాంచీపురము జిల్లా ఉత్తరమేరూరులో, వైకుంఠపెరుమాళ్ కోవెల గోడలపై నేటికిని చదువనగును. మొదటి పరాంతకచోళుని కాలమున, క్రీ.శ. 919, 921 సంవత్సరములలో చెక్కబడిన శాసనములవి. చెరువు, తోటలు, బంగారు పరీక్ష మున్నగు పనులకు గ్రామసభ ఏర్పరచిన సంఘములకు సభ్యుల నెన్నుకొను పద్ధతి అందు వర్ణితము. సొంతభూమియు వేదజ్ఞానమును లేనివారికి ఆ సభ ద్వారము మూసియే యుండెను. ఆ లోపమును దాచనక్కరలేదు.

పేర్లు వ్రాసిన తాటాకులను కుండలో వేసి, ఏమియు నెరుగని బాలునిచేత ఒకటి తీయింతురు. దానిని మధ్యస్థుడు ఐదువ్రేళ్లును చాచిన అరచేతితోనే అందుకొనవలెను. వేరొక ఆకు చేతిలో దాగియుండరాదని కాబోలు! పదవీకాలము 360 దినములు. గడచిన మూడేండ్లలో పదవి నిర్వహించినవాడు మరల పనికిరాడు.

అన్నిటికంటె కఠినమైనది లెక్కల నియమము. సంఘమున పనిచేసి లెక్క చూపనివాడు అనర్హుడు. అతనితోపాటు తండ్రి, కుమారుడు, మేనమామ, మామగారు, బావమరది, అల్లుడు మున్నగు బంధువులును అనర్హులే. అల్లుడు చేసిన అపరాధమేమని నేటివారడుగుట న్యాయమే. కాని జారిన పరధనము మొదట చేరునది బంధువుల యింటికే యని ఆ సభవారు అనుభవమున నెరిగియుందురు. పరధనము నపహరించినవానికి శాసనమున వేరొక నిషేధము కలదు. ఇది దొంగను గూర్చినది కాదు. కేవలము లెక్క చెప్పనివానిని గూర్చినది. అతడు నిత్యము సంధ్య వార్చు సత్పురుషుడే కావచ్చును, పైకము పెట్టెలో భద్రముగానే యుండవచ్చును. అయినను అతని పేరు కుండలో పడదు.

“నా లెక్క స్వామికి తెలియును” అను మాట భక్తులైన ధర్మకర్తల నోటనే తరచుగా వెలువడును. స్వామికి తెలియును, నిజమే. ముడుపు గట్టిన ఇల్లాలికి తెలియుటెట్లు? ఏటేట తనిఖీ జరిగిన జమాఖర్చులను కోవెల ముంగిట అతికించిననాడు ఆమెకు తెలియును. తన బావమరది టెండరు చర్చకు వచ్చినపుడు ధర్మకర్త లేచి వెలుపలికి పోయి, ఆ సంగతిని మినిట్సులో వ్రాయించిననాడు తెలియును.