ఉండిపొమ్మంటే ఆగని అతిథి

మా బాబాయి కుటుంబం 1980లో టొరంటో వెళ్లేనాటికి మా తమ్ముడికి ఏడేళ్లు. ఇంగ్లీషు రాదు, బళ్లో మాట్లాడేవాడు లేడు, కిటికీ తీస్తే మంచు. ఆ చలికాలమంతా వాడికి తోడు టీవీలో కనిపించే ఒక జర్మన్ షెపర్డ్ కుక్క. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు మా అరుగు మీద కూర్చుని ఆ సీరియల్ పాట కూనిరాగం తీస్తుంటే, యాభై దాటిన మనిషికి గొంతు జీరబోయింది.

‘‘ప్రతిసారీ వెళ్లిపోయేదన్నయ్యా. ఈ ఒక్కసారైనా ఉండిపోతుందేమోనని చూసేవాణ్ని’’ అన్నాడు.

ఆ సీరియల్ పేరు ‘ద లిటిలెస్ట్ హోబో’. 1958లో వచ్చిన సినిమా దానికి మూలం. 1963 నుంచి 1965 దాకా నలుపు తెలుపుల్లో ఒకసారి తీశారు. 1979 నుంచి 1985 దాకా కెనడాలోని సీటీవీ రంగుల్లో మళ్లీ చూపించింది. మా వాడు చూసింది ఈ రెండోదే. హోబో అంటే గూడ్సు బండ్లెక్కి, దొరికిన పని చేసుకుంటూ ఊరూరా తిరిగే మనిషి. ఈ కుక్కదీ అదే బతుకు. ఏదో ఒక ఊళ్లో తేలుతుంది. అక్కడ ఎవరో చిక్కులో ఉంటారు. వాళ్లను గట్టెక్కిస్తుంది. ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టి పిలుస్తారు, అన్నిటికీ పలుకుతుంది. (సహస్రనామాలు చదువుకునే మనకు ఇదేం వింత కాదు.)

ఇక చివరి నిమిషం. ఇల్లు చూపిస్తారు, తిండి పెడతారు, పిల్లలు మెడ కౌగిలించుకుంటారు. కుక్క ఒక్కసారి వాళ్ల ముఖాల్లోకి చూస్తుంది. తర్వాత లేచి రోడ్డు పడుతుంది. వెనక నుంచి పిలుపులు, పాట మొదలు. మా తమ్ముడు ఏడుపు అందుకునేది అక్కడే. పిన్ని వంటింట్లోంచే ‘‘దానికి ఇంకో ఊళ్లో పనుందిరా’’ అనేదట. సన్యాసికి పల్లెలో ఒక్క రాత్రి, పట్నంలో అయిదు రాత్రులు మించి బస కూడదని, చాతుర్మాస్యానికి మాత్రమే మినహాయింపని మన పెద్దలు పెట్టిన నియమం పిన్నికి తెలుసో లేదో నేను అడగలేదు.

కుక్క మాట ఎత్తగానే ఇలాంటి వ్యాసాల్లో ధర్మరాజు వెంట స్వర్గద్వారం దాకా నడిచిన కుక్క వచ్చేస్తుంది. నాకు మాత్రం భరతుడు గుర్తొచ్చాడు. భాగవతం పంచమ స్కంధంలోని కథ. రాజ్యాన్నీ పెళ్లాం బిడ్డల్నీ వదిలేసి గండకీ తీరాన తపస్సుకు కూర్చున్నాడాయన. సింహగర్జనకు బెదిరి ఏరు దూకిన ఒక చూలు లేడికి గర్భం జారి, పిల్ల నీళ్లలో పడింది, తల్లి ప్రాణం విడిచింది. ఆయన పరుగున వెళ్లి కూనను ఎత్తుకొచ్చాడు. అందులో తప్పేముంది? చూస్తూ ఊరుకుంటే అదేం తపస్సు? చిక్కంతా ఆ తర్వాతే వచ్చింది. గడ్డి పెట్టడం, ఒళ్లో నిద్రపుచ్చడం, కాస్త ఆలస్యమైతే ఏ తోడేలు పట్టుకుపోయిందోనని జపం మధ్యలో లేచి వెతకడం. ప్రాణం పోయే వేళ కూడా దాని మీదే ధ్యాస, కాబట్టి మరుజన్మలో లేడే అయ్యాడు. నీళ్లలోంచి తీసిన చేతిది దయ. తీశాక వదలలేకపోయిన చేతిది మమకారం. రెండూ ఒకే చేతివి కాబట్టే ఒకటి ఎక్కడ ఆగి రెండోది ఎక్కడ మొదలైందో మహారాజుకే తెలియలేదు, మనమెంత! రాజ్యాన్ని గడ్డిపోచలా వదిలినవాడు ఆ ఒక్క పట్టు విడవలేక చిక్కుకున్నాడు. ఆ కుక్క ప్రతి భాగంలోనూ చేసింది దీనికి తలకిందులు పని. మేలు చేసినంత సేపు ఉంది, ప్రేమ పలుపుతాడయ్యే వేళకు కదిలింది.

ఇంకో ముచ్చట చెబితే మా వాడు కాసేపు మాట్లాడలేదు. ఆ కుక్క పేరు లండన్. దాన్ని తీర్చిదిద్దిన చక్ ఐసెన్‌మన్ ఒకప్పుడు బేస్‌బాల్ ఆటగాడు. కుక్కలకు ఆజ్ఞలు కాదు, మాటల అర్థం నేర్పాలన్నది ఆయన వాదం. 1958 సినిమాలో నటించిన కుక్కే 1985 దాకా ఉండడం జరిగే పని కాదు కదా. ఆ వేషం ఆయన కుక్కలు కొన్ని పంచుకున్నాయి. అంటే మా తమ్ముడు బెంగపెట్టుకున్నది ఒక కుక్క మీద కాదు, వేరువేరు ఒళ్లు తొడుక్కున్న ఒక నడత మీద.

‘‘అయితే నేను బిస్కెట్టు ఎవరికి పెట్టినట్టు?’’ అన్నాడు చివరికి.

సీరియల్ అయిపోయాక పెరటి గుమ్మం తెరిచి, మంచులో ఒక బిస్కెట్టు పెట్టేవాడట, ఇటుగా వస్తే తింటుందని. పొద్దున్నే చూస్తే ఉండేది కాదు. ఉడత తినేసి ఉంటుందని పిన్నికి తెలుసు, చెప్పేది కాదు. మన ఇళ్లలో గృహస్థు తను తినే ముందు కుక్కకూ కాకికీ చీమకూ ఇంత ముద్ద విడిచిపెట్టడాన్ని భూతయజ్ఞం అన్నారు. ఆ ముద్ద విడిచే వైశ్వదేవం మానేసిన ఇళ్లే ఎక్కువ ఇప్పుడు. టొరంటోలో మా తమ్ముడింటి పెరటి గుమ్మం దగ్గర మాత్రం ఈనాటికీ ఒక గిన్నె ఉంటుంది. తినేవి ఉడతలే.