అడిగి కట్టడం
పై అంతస్తు వేసే ముందు సిద్ధాంతి గారికి ప్లాను చూపిస్తాం, ముహూర్తం పెట్టించుకుంటాం. ఆ తంతు మూలంలో ఒక పెద్ద మాట ఉంది. కట్టడం మొదలుపెట్టే ముందు ఆ చోటనున్న భూతాలకు బలి ఇచ్చి, వేరే చోటికి తరలమని వేడుకోవడం వాస్తుశాస్త్ర సంప్రదాయం. అంటే నేల కొన్నవాడు కూడా అడిగే కట్టాలి. కంటికి కనపడని వాటినే అడగాల్సి ఉంటే, గోడ అవతల కాపురముంటున్న మనుషుల మాటేమిటి? ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన భవన నిర్మాణ నియమాలు ఇంటి చుట్టూ సెట్‌బ్యాక్‌గా ఖాళీ జాగా వదలమన్నది వాళ్ల గాలీ వెలుతురూ పోకూడదనే. ఆ జాగా మీదికి మూడడుగుల బాల్కనీ తోస్తే, పక్కింటి ఇల్లాలు పట్టపగలే లైటు వేసుకుని బియ్యం ఏరుకోవాలి.

నా స్థలం, నా ఇష్టం అంటారు. స్థలం మీదే, దాని మీదుగా పోయే ఎండ మీ ఒక్కరిదీ కాదు. అనుమతంటే లంచాలూ తిప్పటాలే కదా అన్న ఆక్షేపణ ఇంతకంటే బలమైనది, ఆ బాధ నిజం. అయితే ఆ దోషం అనుమతి ఇచ్చేవారిది; అడగడంలోని ధర్మం దానితో చెడిపోదు. పైగా తెలంగాణలో 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి రిజిస్ట్రేషన్ చాలంది, అంతకు మించిన ఇళ్లలో చాలావాటికి యజమాని స్వీయ ధ్రువీకరణనే నమ్మింది. ఆ సంతకం పెట్టేటప్పుడు ఎదురుగా అధికారి ఉండడు. వాస్తు కోసం గుమ్మాన్ని అంగుళాల లెక్కన జరిపించే మనం, అదే టేపుతో పక్కింటి గోడ దాకా కొలిచి ఉన్నది ఉన్నట్టు రాయాలి.