పైపూతయు పరమార్థమును

వస్తువు పైనున్న రంగును, మెరుగును, అచ్చును తేలిక చేసి మాటలాడుట మన వేదాంతగోష్ఠులలో చిరకాలముగా వచ్చుచున్న అలవాటు. పైమెరుగులకు లోబడరాదనియు, లోని సారమునే గ్రహింపవలెననియు చెప్పువారు చెప్పుచునే యుందురు. వినువారు తల యూపుచునే యుందురు. గోష్ఠి ముగిసిన పిమ్మట ఇరువురును ఇండ్లకు పోయి, మెరుగుపూత పూసిన చట్రములో బిగించిన వేంకటేశ్వరుని పటమునకు మ్రొక్కి నిద్రింతురు. ఆ మ్రొక్కు చెందినది కాగితమునకా, సిరాకా, సిరాపైని మెరుగునకా, లేక ఈ మూడింటిలో దేనికిని చెందక దాటిపోవుచున్నదా? వినుటకు చిన్నదిగా తోచు ఈ ప్రశ్నలో విగ్రహారాధనకు సంబంధించిన మీమాంస చాలవరకు ఇమిడి యున్నది.

పూరీక్షేత్రమున ఏటేట జరుగు ఒక ఉత్సవమును ముందుగా పరిశీలింతము. అచ్చటి జగన్నాథ బలభద్ర సుభద్రా మూర్తులు వేపదారువుతో చేసినవి. స్వామికి నలుపు, అన్నగారికి తెలుపు, చెల్లెలికి పసుపు అను వర్ణవిభాగము లోకవిదితము. జ్యేష్ఠపూర్ణిమనాడు మూర్తులను స్నానమండపమునకు వేంచేయించి 108 కలశముల జలముతో అభిషేకింతురు. ఆ నీటికి దారువుపైని వర్ణములు కరగి జారిపోవును. అంతట స్వామికి జ్వరము తగిలినదని చెప్పి, పదునైదు దినములపాటు దర్శనము మాన్పి, అనవసరమను పేర ఏకాంతమున నుంచి, దైతాపతులను సేవకులు మూలికలతోను పథ్యముతోను ఉపచరింతురు. మరల రంగులు దిద్దుటయు ఆ మరుగుననే జరుగును. ఆ దినములలో పూజ లందుకొనునవి గుడ్డపై వ్రాసిన పటములు. చింతగింజల బంకయు సుద్దయు కలిపి పట్టించి, ఎండబెట్టి, నునుపుగా రుద్దిన వస్త్రముపైన, శంఖచూర్ణముతో తెలుపును, హరిదళముతో పసుపును, ఇంగిలీకముతో ఎరుపును, దీపపుమసితో నలుపును తీర్చి చిత్రకారులు వ్రాసినవి. రంగులు తిరిగి కుదిరిన పిమ్మట నవయౌవనదర్శనము. ఆ వెనుక రథయాత్ర.

ఇచ్చట ఆలోచింపదగిన సంగతి యొకటి యున్నది. ఆ పదునైదు దినములలోను దారువు దారువుగానే యున్నది. దాని గర్భమున భద్రపరుపబడి యున్నదని భక్తులు విశ్వసించు బ్రహ్మపదార్థము చలింపలేదు. పోయినది పైనున్న పలుచని రంగుపొర మాత్రమే. ఆ పొర పోయినంతనే స్వామి దర్శనయోగ్యుడు కాకపోయెను. బంకయు సుద్దయు పూసిన ఒక గుడ్డముక్క ఆయన స్థానమున నైవేద్య మందుకొనెను. సారమే సర్వమనియు, ఉపరితలము తుచ్ఛమనియు చెప్పువారు ఈ వ్యవహారమునకు ఏమి సమాధానము చెప్పుదురో నాకు తెలియదు. నాకు తోచినంతలో, భగవంతుని సత్తకు పైపూతతో పనిలేదు; ఆయన దర్శన మిచ్చుటకు మాత్రము పైపూతతో పని యున్నది. ఈ రెండును వేరు వేరు విషయములు. ఈ భేదమును శాస్త్రవాదములకంటె స్పష్టముగా పూరీ ఆలయాచారమే పాటించుచున్నది.

ఈ భేదమునకు శాంకరభాష్యమున బలమైన ఆధారము కలదు. బ్రహ్మసూత్రముల సమన్వయాధికరణమును వ్యాఖ్యానించుచు ఆచార్యులు, ఏ వస్తువునకైనను సంస్కారము రెండు తెరగులనే జరుగునని తేల్చిరి: లేని గుణమును చేర్చుట యొకటి, ఉన్న దోషమును తొలగించుట మరియొకటి. కొయ్యపని ఎరిగిన వారెవరైనను ఈ విభాగమును విని తమ అంగడిలో చెప్పిన మాటయే యనుకొందురు. చిత్రిక పట్టుట, గరుకుకాగితముతో రుద్దుట తొలగింపు. లక్క, రంగు, వార్నిషు చేర్పు. వీనికి మించిన మూడవ తెరగు నేటి కర్మాగారములలోను లేదు. ఆచార్యు లంతటితో నిలువక, ఆత్మయందు మోక్షము సహజముగనే యుండి మరుగుపడినదనియు, రుద్దగా అద్దమున మెరుపు తేలినట్లు అది క్రియచే తేలుననియు ఒక పూర్వపక్షము నెత్తి, దానిని ఖండించిరి. క్రియ యనునది తన ఆశ్రయమును వికారపరుపక యుండజాలదు. ఆత్మ వికారము లేనిది. కావున దానిని రుద్దుటయు లేదు, దానికి పూయుటయు లేదు. ఇంతకంటె కఠినమైన నిర్ణయము ఉండబోదు.

అట్లయిన మన మింతకాలముగా మూర్తులకు పూయుచున్న పూత లెవరి నిమిత్తము? చూపరి నిమిత్తమే యని చెప్పక తప్పదు. పూత పడునది కొయ్యపైన. ఫలము పండునది చూపరి చిత్తమున. పూజకుగాక ఆటకును అలంకారమునకును బొమ్మలు చేయువారి పనిలో సైతము ఇది కనబడును. ఏటికొప్పాకలో వరాహనది యొడ్డున అంకుడుకొయ్యను తరిమెనకెక్కించి గుండ్రముగా తిరుగుచుండగా లక్కకణికను దానికి ఒత్తి పట్టుదురు. నిప్పు సెగ లేకయే, రాపిడివలన పుట్టిన వేడికి లక్క కరగి కొయ్యను చుట్టుకొని వ్యాపించును. ఆపైన మొగలియాకు నొత్తి పట్టగా నునుపు తేరి, అద్దమువలె మెరయును. పురుగు స్రవించిన జిగురు, చెట్టు కాచిన రంగు, నదిగట్టున మొలచిన ఆకు: ఇంతకు మించి దానిలో మరేమియు లేదు. కొండపల్లివారు తెల్లపొణికికొయ్య ముక్కలను చింతగింజల బంకయు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అతికి, సుద్దపూత పూసి, దానిపై రంగులు దిద్దుదురు. సంక్రాంతికొలువులో దశావతారములుగా వరుస తీరి నిలిచిన ఆ బొమ్మలను చూచి చేతులు జోడించు ముసలమ్మకు, క్రింద నున్నది పొణికియో టేకో తెలియదు. తెలియవలసిన పనియు లేదు.

ఇక కాగితము. శ్రీమద్భాగవతమున ఏకాదశస్కంధము ప్రతిమల నెనిమిది విధములుగా చెప్పి, శిల, దారువు, లోహము, ఇసుక, మణి మొదలగు వానితోపాటు లేఖ్యమును, అనగా వ్రాసిన రూపమును, చేర్చినది. మనోమయ మైనదియు ఆ పట్టికలో నున్నది. చేతితో వ్రాసినది ప్రతిమ యైనచో, అచ్చుయంత్రము వేసినది ఏల కాదు? ఈ ప్రశ్న మన దేశమున ఇంటింటికి వచ్చినది చిత్రకారుడగు రవివర్మ 1894లో బొంబాయి ప్రాంతమున స్థాపించిన ముద్రణాలయమువలన. ఆ పద్ధతి శిలాముద్రణము. బవేరియాలో సెనెఫెల్డరను నాటకకర్త తన నాటకములను చవుకగా అచ్చొత్తించుకొనుటకై వెదకుచు 18వ శతాబ్ది చివర కనిపెట్టినది. సున్నపురాతిపై జిడ్డుసిరాతో గీసి రాతిని తడిపినచో, గీత లేనిచోట నీరు నిలుచును, నీరున్నచోట సిరా నిలువదు. నూనెకును నీటికిని గల పొసగమియే ఆ విద్యకు ప్రాణము. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క రాయి. అన్ని రాళ్ల యొత్తిడియు ముగిసిన పిమ్మట, తైలవర్ణచిత్రమును పోలుటకై పైన మెరుగుపూత పూసెడివారు. ఆ పటములలోని లక్ష్మీ సరస్వతులు మట్టిగోడ గల యిండ్లకును నడిచి వచ్చిరి.

ప్రాణప్రతిష్ఠ లేదని ఆగమపండితులు కొందరు ముఖము చిట్లించుకొన్నను, ఆ పటములు చేసిన మేలు నొకదానిని మరువరాదు. మదరాసు రాష్ట్రమున ఆలయప్రవేశమును అందరికిని అనుమతించు చట్టము వచ్చినది 1947లో. ఆ గడప దాటుటకు అర్హత లేదని త్రోసివేయబడిన వారి గుడిసెలకు దేవుడు అంతకు అర్ధశతాబ్ది ముందుగనే, అర్చకుల నడుగక, కాగితముపై నెక్కి పోయెను. అర్చావతారమున భగవానుడు భక్తుని చేతికి తన్ను తా నప్పగించుకొనునని శ్రీవైష్ణవాచార్యులు చెప్పిన సౌలభ్యగుణమునకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను? ఈ విషయమున నేను నిస్సంశయముగా ముద్రణాలయము పక్షము.

నేటి గోడకాలెండరులోని స్వామిని భూతద్దముతో చూచినవారికి మరియొక వింత తెలియును. శిలాముద్రణపద్ధతి మారినది. రాతి స్థానమున లోహపుపలక, రబ్బరుగుడ్డ వచ్చినవి. నీలము, గులాబి, పసుపు, నలుపు అను నాలుగే సిరాలు. అద్దము దగ్గరకు తెచ్చినకొలది కిరీటము కరగి చుక్క లగును, బుగ్గ చుక్క లగును, కస్తూరి చుక్క లగును. స్వామి యెచ్చటను కానరాడు. చుక్క లేని చోటు ఒక్కటే, అది తెల్లని నామము. సాధారణముగా ఆ యచ్చున తెల్లసిరా యనునది ఉండదు. సిరా తాకక విడిచిన కాగితమే నామమై ప్రకాశించుచున్నది. పటమంతటను మిక్కిలి ప్రస్ఫుటముగా కనిపించునది అచ్చు పడని చోటే యని తెలిసిన అద్వైతి యెంత సంతసించునో ఊహింపవచ్చును. అద్దమును ప్రక్కన నుంచి రెండడుగులు వెనుకకు పోగా మరల స్వామి నిలుచును; విశిష్టాద్వైతియు నిరాశపడ నక్కరలేదు.

ప్లాస్టిక్కుపై ఈ లీల సాగదు. పారదర్శకమైన పొరకు తన దను తెలుపు లేదు. నామము కావలెనన్న తెల్లసిరాను వేరుగా అచ్చొత్తవలెను. పైగా పాలిథీను స్వభావముచే సిరాను పట్టనీయదు. దాని ఉపరితలశక్తి సెంటీమీటరునకు 31 డైనుల ప్రాంతము. అచ్చు నిలుచుటకు 38 డైనులకు తక్కువ కారాదని ఆ పనివారు చెప్పుదురు. అందుచే పొరను ముందుగా అధికవోల్టేజి విద్యుత్తుసెగ క్రింద నడిపించి, పైభాగమును రేపి, ఆ వెంటనే అచ్చు వేయుదురు. ఆలస్యమైనచో ఆ గుణము క్రమముగా సన్నగిలును. దీనిని దోషముగా నేను చెప్పుట లేదు. కొయ్యకు మక్కు, గుడ్డకు సుద్ద, కాగితమునకు గంజి అవసరమైనట్లే ప్లాస్టిక్కునకు ఆ సెగ అవసరము. ఏ పదార్థమును దానంతట అది దేవుని ముఖమును ధరింపజాలదు.

నా అభ్యంతరము వేరొక చోట నున్నది. ఆవాహన మెంత విధియో ఉద్వాసనయు అంత విధి. వినాయకుని మట్టితో చేసి నీట కలుపుదుము. పూరీలో పాతమూర్తులను కోయిలివైకుంఠమున భూమిలో నిక్షేపించి కొత్తదారువునకు బ్రహ్మపదార్థమును మార్చు నవకళేబరము 1950, 1969, 1977, 1996, 2015 సంవత్సరములలో జరిగినది. వచ్చిన రూపము పోవుట యను ఏర్పాటు ఈ ఆరాధనలో ఆదినుండియు నున్నది. స్నానపూర్ణిమనాటి నీటికి రంగు కరగుటవలననే జ్వరమును, ఏకాంతమును, నవయౌవనమును ఏర్పడినవి. ఎవరో ఉత్సాహవంతులు మన్నిక కొరకని ఆ దారువుపై నేటి పాలియురేతేను పూత పూసిరనుకొందము: నీరు జారిపోవును, రంగు చెదరదు, స్వామికి జ్వరము రాదు, నవయౌవనమును రాదు.

ఇంటి పటములకు మనము చేయుచున్నది అదియే. కాగితముపై అచ్చు వేసి, దానిపై సన్నని ప్లాస్టిక్కుపొరను వేడితో అతికించి లామినేషను చేయించి, చెమ్మకు చెడదని సంతసించుచున్నాము. చెమ్మకు చెడనిది ఏటిలోను కలియదు. గుజ్జుచేసి మరల కాగితముగా మార్చువారును దానిని త్రోసివేయుదురు. కాల్చినచో పొర కరగి దుర్గంధ మిచ్చును. అందుకే నేడు రావిచెట్టు మొదట, కాలువ రేవున, రంగు చెడని దేవతలు దుమ్ములో పడి యున్నారు: కొలుచువారు లేక, వీడ్కోలు లేక. అగరువత్తుల సంచిపైని లక్ష్మి గతి ఇంకను హీనము. ఆమెను ముద్రించునాడే ఆమె పోవు చోటు చెత్తబుట్ట యని ముద్రించువాడెరుగును. దేవమందిరములకు అతికించు సన్‌మైకా మాట ఎత్తుట వ్యర్థము. టేకుచారలను కాగితముపై అచ్చొత్తి, రెసినులో నానబెట్టి, యంత్రమున నొత్తి కొయ్యవలె కనిపింపజేసిన పలక యది. ముత్యపుచిప్ప తాను వెండినని ఎన్నడును చెప్పుకొనలేదు, భ్రాంతి చూచువానిది. ఇచ్చట మాత్రము భ్రాంతిని బజారులో చదరపుటడుగుల లెక్కన అమ్ముచున్నారు.

ప్లాస్టిక్కు మీద దేవుడు నిలువడని నేను చెప్పజాలను; లేఖ్యప్రతిమలో ఏ పదార్థమునకును నిషేధము నా యెరుకలో లేదు. నిలిచినవానిని మర్యాదగా పంపు త్రోవ లేని పదార్థమున ఆయనను పిలుచుట మాత్రము అపచార మని నా నిశ్చయము. కేంద్ర కాలుష్యనియంత్రణమండలి 2020లో విగ్రహనిమజ్జనమునకు సవరించిన మార్గదర్శకములలో మట్టిని ప్రోత్సహించి ప్లాస్టిక్కును, ప్లాస్టర్ ఆఫ్ పారిసును కూడదనినది. చెరువు కొరకు చెప్పిన ఆ మాట పూజగదికిని చెల్లును. పాఠకులు ఈ పర్యాయము పటము కొనునపుడు, పొర అతికించని కాగితపుపటమునే యడుగుడు. చేతనైనచో సుద్దపూతపై రంగులు దిద్దిన కొయ్యబొమ్మను కొనుడు. ఇంటనున్న పాతపటములను చెట్టు క్రింద పెట్టి రాక, అద్దమును, చట్రమును, పొరను వేరుచేసి, కాగితమును మాత్రము తులసికోట మట్టిలో కలుపుడు.